మేనల్లుడికి పరీక్ష చేయించారు సరే, మేనకోడలికి?

ప్రశ్న: మా అన్నయ్యకు 44 ఏళ్ళు. హెపటైటిస్ బి ఎప్పటి నుంచో ఉందని, లివర్ అప్పుడే సిర్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడటం) మొదటి దశకు వచ్చిందని ఈమధ్యే తెలిసింది. మా నాన్నగారు 52వ ఏట లివర్ క్యాన్సర్‌తో పోయారు. అప్పట్లో వైరస్ మాట ఎవరూ ఎత్తలేదు. అన్నయ్యది బయటపడ్డాక అమ్మకూ నాకూ పరీక్షలు చేశారు. అమ్మకు 66 ఏళ్ళు. ఆవిడకూ పాజిటివే గానీ ఏ బాధా లేదు. లివర్ దెబ్బతింటోందా అని చూసే ఎస్‌జీపీటీ 34, నార్మల్ అన్నారు. నాకు 38. ఒకప్పుడు వచ్చి దానంతటదే పోయిందట. తమ్ముడికి 33, వాడు పరీక్షకే రానంటున్నాడు. "ఇది మీ ఇంటి మగవాళ్ళ జబ్బు" అంటుంది మా వదిన. అందుకే తొమ్మిదేళ్ళ కొడుక్కి ఒక్కడికే పరీక్ష చేయించింది. నెగెటివ్ రాగానే ఊపిరి పీల్చుకుంది. ఆరేళ్ళ కూతురి సంగతి పట్టించుకోలేదు. ఒక ల్యాబ్ వాళ్ళు లివర్ జన్యు పరీక్షల ప్యాకేజీ చేయించుకోమంటున్నారు, అందులో ఐఎల్ 28బి అని ఏదో ఉంది. ఒకే తల్లి పిల్లలం కదా, అన్నయ్యకు ముదిరి నాకెందుకు పోయింది? ఇది వంశంలో వచ్చేదా? మగవాళ్ళకే వస్తుందా?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటికన్నా అడక్కుండా దాటేసిన విషయమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ ఆరేళ్ళ పాప. ముందు మీ మేనకోడలికి పరీక్ష చేయించండి. కింద రాసినదంతా ఆ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

హెపటైటిస్ బి ఒక తరం నుంచి ఇంకో తరానికి దాటే దారుల్లో పెద్దది కాన్పు. తల్లి రక్తంలో ఉన్న వైరస్ పుట్టే బిడ్డకు అంటుకుంటుంది. మగవాళ్ళ జబ్బని పేరుపెట్టి ఆడపిల్లను పరీక్షకు తీసుకెళ్ళకపోతే, దొంగ వచ్చే తలుపును వదిలేసి కిటికీకి గడియ పెట్టుకున్నట్టు. మీ ఇంట్లోనూ కథ ఇలాగే నడిచి ఉంటుంది. అన్నయ్యకు నాన్నగారి నుంచి వచ్చిందని మీరంతా అనుకుంటున్నారు. నాన్నగారికీ వైరస్ ఉండి ఉండవచ్చు, ఇప్పుడు తేల్చలేం. కానీ అన్నయ్యకు పుట్టినప్పుడే అమ్మగారి నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఈ మాట ఆవిడ మీద నిందగా మాత్రం ఇంట్లో చెప్పకండి. ఆవిడకూ పసితనంలో తెలియకుండానే సోకి ఉంటుంది. హెపటైటిస్ బి మొదటి టీకాకు అనుమతి వచ్చిందే 1981లో. ఇంచుమించు మీ అన్నయ్యది, దానిది ఒకే వయసు. ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు.

వంశంలో నడుస్తోంది కాబట్టి జన్యువుల్లోనే ఉందనుకోవడం మీ వదిన ఒక్కరి పొరపాటు కాదు. ఈ వైరస్‌ను కనిపెట్టిన బరూక్ బ్లంబర్గే మొదట అదే పొరపాటు చేశారు. ఆయన వైరస్ కోసం వెతకనే లేదు. మనుషుల రక్తంలోని ప్రోటీన్లలో పుట్టుకతో ఉండే తేడాలను చూస్తున్నారు, కొందరికి కొన్ని జబ్బులు ఎందుకు తేలిగ్గా వస్తాయో తెలుసుకుందామని. ఆ పనిలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఒక కొత్త పదార్థం దొరికింది. 1965లో దాన్ని ఆస్ట్రేలియా యాంటిజెన్ పేరుతో ప్రకటించారు. అది కొన్ని కుటుంబాల్లోనే గుంపుగా కనిపిస్తుండేసరికి, తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు అందితే వచ్చే లక్షణమని ఊహించారు. తర్వాత ఒక చిక్కు వచ్చింది. మొదట నెగెటివ్‌గా ఉన్న ఒక రోగి కొన్నాళ్ళకు పాజిటివ్ అయ్యాడు, అతని లివర్ కూడా దెబ్బతింది. పుట్టుకతో వచ్చే లక్షణం మధ్యలో పుట్టుకురాదు కదా! ఆ తర్వాత ఆయన ల్యాబ్‌లోనే పనిచేసే ఒక టెక్నీషియన్‌కు ఒంట్లో బాగాలేక తన రక్తాన్ని తానే పరీక్షించుకుంటే పాజిటివ్ వచ్చింది. అలా ఆ యాంటిజెన్ వైరస్ పైపొర అని తేలింది, 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ మీ రిపోర్టులో హెచ్‌బీఎస్ ఏజీ అని ఉన్నది అదే.

అంటే మీ ఇంట్లో తరం నుంచి తరానికి దాటింది వైరస్. అది ఒకసారి ఒంట్లో చేరాక ఒకరిలో తిష్ట వేసుకోవడం, ఇంకొకరిని వదిలిపోవడం ఎందుకంటే, అక్కడ జన్యువులకూ ఆడ మగ తేడాకూ పాత్ర ఉంది. అయితే వాటన్నిటికన్నా ముందు ఒక పెద్ద కారణం ఉంది, దాన్ని ఎవరూ అడగరు. సోకినప్పుడు వయసెంత?

పుట్టినప్పుడు సోకితే సుమారు 90 శాతం మందిలో ఇది జీవితాంతం ఉండిపోతుంది. అయిదారేళ్ళలోపు సోకితే మూడో వంతు నుంచి సగం మందిలో. పెద్దయ్యాక సోకితే 5 శాతం కన్నా తక్కువ మందిలోనే నిలుస్తుంది, మిగతావాళ్ళు కొందరు కామెర్లు వచ్చి, చాలామంది ఏమీ తెలియకుండానే బయటపడతారు. పసికందు రోగనిరోధక వ్యవస్థ ఈ వైరస్‌ను శత్రువుగా గుర్తుపట్టదు, ఇంటిమనిషే అనుకుంటుంది. ఏ జన్యువూ ఇంత తేడా తేలేదు.

మీకూ అన్నయ్యకూ మధ్య ఆరేళ్ళ ఎడం ఉంది. అన్నయ్య పుట్టేనాటికి అమ్మగారికి 22, మీరు పుట్టేనాటికి 28. చిన్నప్పుడే వైరస్ సోకినవాళ్ళలో ఇరవైల్లో వైరస్ చాలా ఎక్కువగా ఉండి, హెచ్‌బీఈ ఏజీ అనే పరీక్ష పాజిటివ్‌గా ఉండటం మామూలు. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఆ పరీక్ష నెగెటివ్ అయి వైరస్ తగ్గుతుంది. అది పాజిటివ్‌గా ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు, టీకా వేయకపోతే, వైరస్ అంటుకునే అవకాశం 70 నుంచి 90 శాతం. నెగెటివ్ అయిన తల్లికైతే 10 నుంచి 40. మీ అమ్మగారి విషయంలో ఆ మార్పు ఎప్పుడు జరిగిందో చూపించే రిపోర్టులు లేవు. కానీ పెద్దవాడు పుట్టినప్పుడు వైరస్ ఉరకలు వేస్తూ ఉండి, మీరు పుట్టేసరికి చల్లబడి ఉంటే, ఆ ఒక్క కారణంతోనే మీ ఇద్దరి కథ వేరైపోతుంది. మీకు పసితనం దాటాక, అన్నయ్యతో కలిసి పెరుగుతున్నప్పుడో ఇంకెప్పుడో సోకి, మీ ఒళ్ళు దాన్ని అణచేసి ఉండవచ్చు. ఒకే తల్లి పిల్లలం అన్నారు, నిజమే. కానీ పుట్టినప్పుడు ఆ తల్లి ఒంట్లో వైరస్ ఒక్కలాగే ఉండాలని లేదు.

ఇక జన్యువులు. వాటి మాట కట్టుకథ కాదు. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. కణంలోకి చొరబడిన వైరస్ ముక్కను పట్టుకుని, ఇదిగో దొంగ అని రోగనిరోధక కణాలకు చూపించడం వాటి పని. ఈ ప్రోటీన్ల ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. కొన్ని ఆకారాలు హెపటైటిస్ బి ముక్కను బాగా పట్టుకుంటాయి, కొన్నిటికి పట్టు చిక్కదు. 1995లో ఆఫ్రికాలోని గాంబియాలో చేసిన అధ్యయనంలో హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 1302 అనే రకం ఉన్నవాళ్ళు వైరస్‌ను ఎక్కువగా వదిలించుకున్నట్టు తేలింది. 2009లో జపాన్‌లో జన్యుపటలం మొత్తం గాలించి చూస్తే హెచ్‌ఎల్‌ఏ డీపీ అనే చోట తేడాలు బయటపడ్డాయి. 2012లో బీజింగ్‌లో లీ వెన్‌హుయ్ బృందం అసలు వైరస్ లివర్ కణంలోకి దూరే ద్వారాన్నే కనిపెట్టింది. ఎన్‌టీసీపీ అంటారు. పైత్యరస లవణాలను కణంలోకి చేరవేసే ప్రోటీన్ అది, వైరస్ దాన్నే పట్టుకుని లోపలికి పోతుంది. తూర్పు ఆసియాలో కొందరిలో ఆ ద్వారం ఆకారం కొంచెం మారి ఉంటుంది, అలాంటి వాళ్ళలో దీర్ఘకాల ఇన్‌ఫెక్షన్ తక్కువ. వైద్యం చదివినవాణ్ణి కాబట్టి ఇలాంటివి చదువుతుంటే నాకు సంబరంగానే ఉంటుంది.

కానీ మీ చేతిలో ఆ జన్యు రిపోర్టు పెడితే దానితో మీరు ఏం చేస్తారు? ఈ తేడాలు వేలమందిని కలిపి చూస్తే కనిపించేవి. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి అవకాశాన్ని కొంచెం అటూ ఇటూ జరుపుతాయి, అంతే. మంచి హెచ్‌ఎల్‌ఏ ఉందని పాపకు టీకా మానేస్తారా? లేదని అన్నయ్య మందు మారుస్తారా? రెండూ జరగవు. ప్యాకేజీలో కొవ్వు లివర్‌కు సంబంధించిన పీఎన్‌పీఎల్‌ఏ3 కూడా ఉండి ఉంటుంది. అది ఏ రకమని వచ్చినా సలహా ఒక్కటే, బరువు అదుపులో పెట్టుకోవాలి, మద్యం ముట్టకూడదు.

మీరు రాసిన ఐఎల్ 28బి సంగతైతే ఇంకా చిత్రం. అది హెపటైటిస్ సి కథ. మీ ఇంట్లో ఉన్నది బి. రెండూ లివర్‌ను పట్టేవే గానీ చుట్టాలు కూడా కావు, ఒకటి డీఎన్‌ఏ వైరస్, ఇంకోటి ఆర్‌ఎన్‌ఏ వైరస్. 2009లో ఈ జన్యువు పక్కనున్న ఒక్క డీఎన్‌ఏ అక్షరం తేడా హెపటైటిస్ సి దానంతటదే పోతుందా, అప్పటి చికిత్స అయిన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు లొంగుతుందా అన్నది చాలావరకు చెబుతుందని తెలిసి సంచలనమైంది. సీసీ రకం ఉంటే అదృష్టం. ఆ రకం తూర్పు ఆసియా వాళ్ళలో ఎక్కువ, ఆఫ్రికా మూలాలవాళ్ళలో తక్కువ. ఒకే మందు ఒక జాతిలో బాగా, ఇంకో జాతిలో అంతంతమాత్రంగా ఎందుకు పనిచేస్తుందన్న పాత ప్రశ్నకు సగం జవాబు అక్కడ దొరికింది. 2013లో ఆ పక్కనే ఐఎఫ్‌ఎన్‌ఎల్4 అనే ఇంకో జన్యువు బయటపడింది. ఇందులో వింతేమిటంటే, వైరస్‌తో పోరాడే కుటుంబానికి చెందిన ఆ ప్రోటీన్‌ను తయారు చేసుకోలేని వాళ్ళే వైరస్‌ను బాగా వదిలించుకుంటున్నారు! ఒకప్పుడు చికిత్స మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించడంలో అర్థం ఉండేది. ఇప్పుడు హెపటైటిస్ సికి 8 నుంచి 12 వారాలు మాత్రలు వేసుకుంటే 95 శాతం పైగా నయమవుతోంది, ఆ అక్షరం ఏదైనా సరే. బి ఉన్న ఇంటికి ఆ పరీక్ష అమ్మడం నాకు నచ్చలేదు. ఆ ప్యాకేజీ వద్దు.

మగవాళ్ళ జబ్బా అన్నారు. మీ వదిన మాటలో నిజం లేకపోలేదు. వైరస్ సోకే విషయంలో పసిపిల్లల్లో ఆడ మగ తేడా పెద్దగా లేదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఆడవాళ్ళలో సగటున వైరస్ తక్కువ, హెచ్‌బీఈ ఏజీ ముందుగా నెగెటివ్ అవుతుంది, సిర్రోసిస్ నెమ్మది. లివర్ క్యాన్సర్ ప్రపంచమంతటా మగవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మద్యం, పొగ మగవాళ్ళలో ఎక్కువ కాబట్టి అలా అని చాలాకాలం సరిపెట్టుకున్నారు. అది కొంత నిజం, అంతా కాదు. హెపటైటిస్ బి వైరస్ తన డీఎన్‌ఏలో మగ హార్మోన్ అందుకోగల చోటు ఒకటి పెట్టుకుంది. టెస్టోస్టిరాన్ సంకేతం అక్కడ తగిలితే వైరస్ ఉత్పత్తి జోరందుకుంటుంది. జోరు పెరిగిన వైరస్ ఆ హార్మోన్ సంకేతాన్ని ఇంకా బలపరుస్తుంది. ఈస్ట్రోజెన్ దీనికి ఎదురు, వైరస్‌ను నడిపించే మీటను బిగించి పడుతుంది. ఎలుకల్లో చూస్తే, లివర్ దెబ్బతిన్నప్పుడు వాపు పుట్టించే ఐఎల్-6 అనే రసాయనాన్ని ఈస్ట్రోజెన్ తగ్గిస్తుందని, ఆ రసాయనం లేకుండా పుట్టించిన ఎలుకల్లో క్యాన్సర్ విషయంలో ఆడ మగ తేడా మాయమైందని 2007లో తేలింది. ఎలుకలు మద్యం తాగవు కదా! దీనికి తోడు వైరస్‌లను పసిగట్టే టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు. హెపటైటిస్ బి టీకాకు కూడా ఆడవాళ్ళలో యాంటీబాడీలు కాస్త ఎక్కువగానే వస్తాయి.

హెపటైటిస్ సిలోనూ ఇదే పోకడ కనిపిస్తుంది. ఐర్లాండ్‌లో 1977-78లో నెగెటివ్ బ్లడ్ గ్రూపు తల్లులకు కాన్పుల తర్వాత ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ ఈ వైరస్‌తో కలుషితమైంది. ఏళ్ళ తర్వాత ఆ ఇంజెక్షన్ తీసుకున్న ఆడవాళ్ళను వెతికి పరీక్షిస్తే 704 మందికి సోకినట్టు ఆనవాళ్ళు దొరికాయి. వాళ్ళలో వైరస్ ఇంకా ఉన్నది 390 మందిలోనే. తక్కినవాళ్ళకు చికిత్స లేకుండానే పోయింది. 17 ఏళ్ళు గడిచాక కూడా సిర్రోసిస్ 2 శాతం మందికే కనిపించింది. వాళ్ళు వయసులో చిన్నవాళ్ళు, ఆరోగ్యవంతులు కాబట్టి లెక్క మరీ మంచిగా వచ్చిందన్నదీ నిజమే. ఆడ కావడం ఒక్కటే కారణం అనలేం.

ఆడవాళ్ళకున్న ఈ రక్షణ ఎక్కువ కాదు, ఎల్లకాలమూ ఉండదు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, దానితోపాటు ఈ మేలూ తగ్గుతుంది. మీ అమ్మగారికి 66. ఆవిడ ఎస్‌జీపీటీ 34 నార్మల్ అన్నారని రాశారే, నన్ను ఆపింది అక్కడే. చాలా ల్యాబ్‌లు ఆడ మగ అందరికీ కలిపి 40 దాకా నార్మల్ అని అచ్చువేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఈ హద్దు మగవాళ్ళకు 30, ఆడవాళ్ళకు 19. ఆ లెక్కన ఆవిడది హద్దు దాటిందన్నమాట. ఆడవాళ్ళకు జబ్బు తక్కువ అనుకుని, మగవాళ్ళ కొలతతో కొలిచి, బాగానే ఉందని ఇంటికి పంపితే ఎలా? ఆవిడకు రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్, అల్ట్రాసౌండ్ చేయించండి. డీఎన్‌ఏ 2000 యూనిట్లు దాటి, ఎస్‌జీపీటీ కూడా హద్దు దాటితే మందు మొదలుపెట్టమని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కుటుంబంలో సిర్రోసిస్ గానీ లివర్ క్యాన్సర్ గానీ ఉంటే ఆ అంకెల కోసం ఎదురుచూడకుండానే మందు గురించి ఆలోచించవచ్చనీ అంటున్నాయి. కొడుక్కి సిర్రోసిస్ ఉందన్న మాట ఆవిడ డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి.

అన్నయ్యకు టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు. అవి వైరస్‌ను పూర్తిగా తుడిచేయవు, నోరు కట్టేస్తాయి. కాబట్టి బాగుందని సొంతంగా ఆపితే ప్రమాదం. మందు వాడుతున్నా ఆరు నెలలకోసారి స్కాన్ మానకూడదు, మగవాడు, సిర్రోసిస్ ఉంది, తండ్రికి క్యాన్సర్, మూడూ కలిశాయి. మద్యం చుక్క కూడా వద్దు.

మీ విషయం. సర్ఫేస్ యాంటిజెన్ (హెచ్‌బీఎస్ ఏజీ) నెగెటివ్, ఒకప్పుడు వైరస్ సోకిందని చెప్పే కోర్ యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చి ఉంటుంది. మీకు జబ్బు లేదు, ఎవరికీ అంటించరు, మందు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త చాలు. వైరస్ జన్యు పదార్థం కొంచెం లివర్ కణాల్లో నిద్రపోతూ ఉంటుంది. ఎప్పుడైనా క్యాన్సర్‌కు కీమో, రిటుక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం స్టిరాయిడ్లు వాడాల్సి వస్తే అది లేచే ప్రమాదం ఉంది. కోర్ యాంటీబాడీ పాజిటివ్ అన్న మాట మీ పాత రిపోర్టుతో సహా దాచుకుని, అలాంటి చికిత్సకు ముందు చెప్పండి, నివారణ మాత్ర ఇస్తారు.

ఇక వదిన, పిల్లలు. తండ్రికి వైరస్ ఉంటే బిడ్డకు వీర్యకణం ద్వారా వంశపారంపర్యంగా రాదు. అదే ఇంట్లో పెరుగుతూ గాయాల ద్వారా, ఒకరి బ్లేడు, టూత్‌బ్రష్ ఇంకొకరు వాడటం ద్వారా రావచ్చు. భార్యకు శారీరక సంబంధం ద్వారా రావచ్చు. కలిసి తింటే, ముట్టుకుంటే రాదు. కాబట్టి పాపతోపాటే మీ వదిన కూడా పరీక్ష చేయించుకోవాలి. ఆవిడ ఇంతవరకు తన సంగతి ఎత్తలేదని గమనించారా? చీటీ మీద మూడు పేర్లు రాయించండి: హెచ్‌బీఎస్ ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఇచ్చే యాంటీబాడీ), యాంటీ హెచ్‌బీసీ టోటల్ (పైన చెప్పిన కోర్ యాంటీబాడీ). మూడూ నెగెటివ్ అయితే 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మేనల్లుడికి మొదటిది ఒక్కటే చేసి ఉంటారు, రెండోదీ చూడాలి. పసితనంలో టీకా పడి, యాంటీబాడీ 10 పైన ఉంటే నిశ్చింత. పాపకూ అంతే. రేపు ఆ పాప పెద్దదై తల్లి కావాలనుకునే నాటికి తన రిపోర్టు తన దగ్గరుండాలి. ఒకవేళ పాజిటివ్ అయినా గాబరా పడక్కర్లేదు. వైరస్ ఎక్కువగా ఉన్న గర్భిణికి చివరి నెలల్లో టెనోఫోవిర్ ఇచ్చి, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) వేస్తే, బిడ్డకు సోకడం ఇప్పుడు చాలా అరుదు.

మీ తమ్ముడి దగ్గర జన్యువులు, వంశం అనే మాటలు ఎత్తకండి. మూలిగే నక్క మీద తాటిపండు వేసినట్టవుతుంది. తండ్రికీ అన్నకూ వచ్చింది తనకూ రాసిపెట్టి ఉందనుకునే పరీక్షకు రానంటున్నాడేమో. అతను పుట్టేనాటికి అమ్మగారికి 33, అప్పటికి వైరస్ చల్లబడి ఉండే అవకాశం ఇంకా ఎక్కువ. అసలు అంటుకునే ఉండకపోవచ్చు, లేదా మీలాగే వదిలించుకుని ఉండవచ్చు. ఒకవేళ ఉన్నా, 33లో తెలిస్తే రోజుకో మాత్రతో సరిపోతుంది. అన్నయ్యకు 44లో తెలిసింది, నాన్నగారికి ఆ అవకాశమే రాలేదు. ఈ చివరి మాట నేను చెబితే కోపం రావచ్చు, మీరు చెబితే వింటాడు. పాపను తీసుకెళ్ళే రోజే అతన్నీ వెంట తీసుకెళ్ళండి, మేనకోడలు పక్కనుంటే సూదికి భయపడి పారిపోలేడు.